కన్నుల రక్షణకు బొమ్మల బోధ



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలోని పాఠశాలలయందు నేను ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసితిని. నేడు చెప్పబోవు చరిత్రకు ముందు, నా యుద్యోగకాలమున జరిగిన యొక తప్పిదమును మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

ఒక మెట్టగ్రామపు బడిలో ఏడవ తరగతి చదువు బాలుడొకడుండెను. నల్లబల్లపై వ్రాసిన పద్యమును వాడెప్పుడును తప్పుగనే ఎత్తి వ్రాయుచుండెను. చెవితో విని నేర్చిన పద్యమునైతే ఒక్క యక్షరము జారకుండ అప్పగించుచుండెను. ఈ రెంటికిని గల భేదమును నేను గమనింపవలసి యుండెను, గమనింపలేదు. అశ్రద్ధ యని తలచి దండించితిని. ఏడాది గడచిన పిమ్మట ఆ యూరికి కంటివైద్య శిబిరమొకటి వచ్చినది. గోడకు వ్రేలాడదీసిన అక్షరముల పటము నెదుట వాడు పైవరుస తప్ప మరేమియు చదువలేకపోయెను. కండ్లద్దములు పెట్టిననాడు బడి ముంగిటి వేపచెట్టు వంక చూచి, "మాస్టారూ, ఆకులు విడివిడిగా కనబడుతున్నాయండీ" అనెను. ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోతిని.

శాస్త్రములు చదివిన పండితునకు తెలియనిది ఒక కాగితపు పటము తెలిపినది. నాటినుండి, కన్నులను కాపాడు విద్య బొమ్మలద్వారమున జనులకు ఏ విధముగ చేరినదో తెలిసికొనవలెనను కుతూహలము నాకు కలిగినది. ఆ కథయే నేటి ప్రసంగము.

బొమ్మచే బోధించుట మన సీమకు క్రొత్త గాదు. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్యగారి పేర దానికీ నామమిడెను. ఆ యూరి చెంత ధనంబోడను గుట్టపై బౌద్ధస్తూపమొకటి కలదు. 1882 లో జేమ్సు బర్జెస్సు దానిని త్రవ్వించి పరిశోధించెను. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యవర్షమున సిద్ధార్థుడను శిల్పి అచ్చట ఆయక స్తంభములను నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. అచ్చట దొరకిన చక్రవర్తి శిల్పము లోకప్రసిద్ధము. రాజు చేయెత్తగా మేఘములనుండి నాణెములు వర్షించుచుండును. చుట్టును చక్రము, గజము, అశ్వము మున్నగు రత్నములుండును. అక్షరము రాని సేద్యగాడు సైతము ఆ పలకను చూచి, ధర్మముగ నేలు రాజు రాజ్యమున కరవుండదని గ్రహింపగలడు. పుస్తకము చేయలేని పనిని రాతిబొమ్మ చేసినది.

ఇక వైద్యశాస్త్రమునకు వత్తము. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రము నేత్రరోగములతో ఆరంభమగును. 76 నేత్రరోగములు అందు లెక్కింపబడినవి. నేడు మనము శుక్లమనుచున్న వ్యాధికి సంబంధించిన లింగనాశమునకు శలాకతో చేయు చికిత్స అచ్చట వర్ణింపబడినది. అంతకంటె నన్నాకర్షించినది ఆ గ్రంథముననే సూత్రస్థానములోని యోగ్యాసూత్రీయ మను నధ్యాయము. శిష్యుడు ఎంత చదివినను, చేతితో అభ్యసింపక రోగిని తాకరాదని అందలి సిద్ధాంతము. కోయుట గుమ్మడి, దోస మొదలగు కాయలపైనను, సిరలను పొడుచుట కలువకాడలపైనను అభ్యసింపవలెను. చూచి నేర్చుట, చేసి నేర్చుట అను రెండును వైద్యవిద్యకు మూలములని మనవారు ఎన్నడో యెరుగుదురు.

కాని కాలక్రమమున ఈ విద్య గ్రంథమునుండి జారి, ఊరూర తిరుగు శస్త్రకారుల చేత బడినది. వారు తెల్లబారిన కంటిమణిని సూదితో వెనుకకు నెట్టెడివారు. వెలుతురు తగిలి రోగి వెంటనే "కనబడుచున్నది" అనును, కూలి ముట్టును. కొలది దినములకు కన్ను చీముపట్టి చెడినను, అప్పటికి శస్త్రకారుడు పొలిమేర దాటియుండును. తన పని ఫలమును అతడు చూడడు, చూడనివాడు దిద్దుకొనడు. మన కృష్ణామండలము నాడు చెన్నపురి రాజధానిలోని భాగము. చెన్నపురి నేత్రవైద్యశాల 1819 లో, అనగా లండనులోని మూర్‌ఫీల్డ్సు వైద్యశాల వెలసిన పదునాలుగు సంవత్సరములకు, స్థాపింపబడినది. దానికి అధిపతిగా నుండిన రాబర్టు హెన్రీ ఎలియట్టు ఇట్లు చెడి వచ్చిన కన్నులను అనేకము పరీక్షించి, ఆ పద్ధతివలని హానిని 1917 లో లండనునందు ఉపన్యాసరూపమున వెల్లడించెను. పొలిమేర దాటిన శస్త్రకారుని మీరు జ్ఞాపకమునందుంచుకొనుడు. అతడు మరల రాగలడు.

పంతొమ్మిదవ శతాబ్దమున కంటిని చూచు సాధనములు పుట్టినవి. 1851 లో హెల్మ్‌హోల్ట్‌జు అను జర్మను శాస్త్రజ్ఞుడు కంటి లోపలి పొరను చూచు పరికరమును ప్రకటించెను. 1862 లో హాలెండు దేశపు స్నెల్లెను అక్షరముల పటమును నిర్మించెను. నా విద్యార్థి నిలిచినది ఈ పటము నెదుటనే. దీని గణితము మిక్కిలి సులభము. చక్కని చూపుగలవాడు అరువది మీటర్ల దూరమునుండి చదువగల అక్షరమును ఒకడు ఆరు మీటర్ల దగ్గరనే చదువగలిగిన, వాని చూపు 6/60 అందురు. చదువు రానివారికై మూడు కొమ్మల గుర్తుగల పటము కూడ వచ్చినది. కొమ్మలు ఏ దిక్కునకున్నవో వ్రేళ్లతో చూపిన చాలును. అక్షరము లేనివాని చూపునకును కొలత దొరకినది.

మాటకంటె బొమ్మ యెందుకు ముఖ్యమో రేచీకటి చరిత్రవలన తెలియగలదు. ఏ విటమిను లోపించిన బిడ్డకు సందెవేళ త్రోవ కనబడదు. తెల్లగ్రుడ్డుపై సబ్బునురుగువంటి మచ్చ లేచును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డు మెత్తబడి కన్ను పూర్తిగ పోవును. హైదరాబాదునందలి పోషకాహార పరిశోధనాలయము, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ లోపముపై చేసిన కృషి ఫలముగా, 1970 లో దేశమంతటను బిడ్డలకు ఆరుమాసములకొకసారి రెండు లక్షల యూనిట్ల ఏ విటమిను ద్రవమును ఇచ్చు పథకము మొదలైనది. కాని ఆ మచ్చ యెట్లుండునో తల్లికి తెలియుట యెట్లు? ఈ విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1 న ప్రారంభమైనది. మునగాకు, తోటకూర, బొప్పాయి తినుమని రేడియో చెప్పగలదు. నురుగుమచ్చను చూపజాలదు. నా గొంతునకును నేడు ఆ కొరత కలదు.

ఆ కొరత తీర్చుటకు తెల్లగుడ్డపై చిత్రములు చూపు ప్రచారవాహనములు ఊళ్లకు వచ్చెడివి. పిమ్మట 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు, అమెరికా వారి ఉపగ్రహసహాయమున, ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు దూరదర్శనమున పాఠములు ప్రసారమైనవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు, భాష తెలుగు, ఆరోగ్యము అందొక పాఠ్యాంశము. ఆకాశమునుండి బొమ్మ పల్లెకు దిగుట అదియే మొదలు.

ఇచ్చట ఒక విచిత్రమైన సంబంధమును మనవి చేసెదను. బొమ్మలకు మాట వచ్చిన 1931 లో 'ఆలం ఆరా' చిత్రమున నటించి, పిదప మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోను పాత్ర ధరించినవాడు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. లోక మాతనిని ఎల్.వి. ప్రసాద్ అని యెరుగును. జీవితమంతయు జనుల కన్నులకు చిత్రములు చూపి గడించిన ఆతడు, తన కుటుంబముతో గూడి హైదరాబాదునందు నేత్రవైద్యాలయమునకు భూమిని, ధనమును ఇచ్చెను. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి సారథ్యమున 1987 లో అచ్చట వైద్యసేవ మొదలైనది. ఆ సంస్థవారు 1996 నుండి 2000 వరకు హైదరాబాదునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల గ్రామములందును 10,293 మందిని పరీక్షించిరి. అంధత్వము నూటికి 1.84 పాలుగ తేలినది. ఆ అంధత్వమున నూటికి 44 పాళ్లు శుక్లమువలనను, 16.3 పాళ్లు అద్దములతో తీరు దృష్టిదోషమువలనను కలిగినవి. శ్రోతలారా, ఈ లెక్కను తిరిగి చూడుడు. నూరుగురు అంధులలో అరువదిమంది సులభచికిత్సతో చూడదగినవారు. వారిలో కొందరికి కావలసినది ఒక జత అద్దములు మాత్రమే. నేను దండించిన బాలుడు ఆ త్రోవలోనివాడే.

ఈ యెరుకవలననే దృష్టికేంద్రములు వెలసినవి. సుమారు 50,000 జనాభాకొక చిన్న కేంద్రము. అందు ఆ ప్రాంతపు యువకుడో యువతియో ఏడాది శిక్షణ పొంది పనిచేయుదురు. 2019 అక్టోబరు 10 న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన కంటివెలుగు పథకమున బడిపిల్లలకు మొదట పరీక్షలు జరిపిరి. నాకా వార్త విన్ననాడు కలిగిన యూరట వర్ణింపజాలను.

ఇక నేటి కాలము. 2003 లో ఆర్బిస్ అను సంస్థ 'సైబర్‌సైట్' పేర అంతర్జాలమున నేత్రవైద్యులకు బోధను, సలహాను ఆరంభించినది. 2005 లో యూట్యూబు పుట్టినది. పూర్వము శస్త్రచికిత్స బల్లచుట్టు ఇద్దరో ముగ్గురో శిష్యులు మెడలు చాచి చూచెడివారు. నేడు సూక్ష్మదర్శిని క్రింద గురువు చేయు ప్రతి కదలికను వేలకొలది శిష్యులు చూడవచ్చును; ఆపి, త్రిప్పి, మరల చూడవచ్చును. చిక్కువచ్చిన శస్త్రచికిత్సలను సైతము దాచక చూపి, ఇచ్చట ఇట్లు తప్పితిని, ఇట్లు దిద్దితిని అని చెప్పు వైద్యులున్నారు. సుశ్రుతుని కలువకాడకును దీనికిని వంశసంబంధము కలదు. ఐతే వీడియో చూచుట చూచి నేర్చుటలో భాగము మాత్రమే. చేసి నేర్చు భాగము చేతితోనే జరుగవలెను.

మనవంటి సామాన్యులకును మేలు కలదు. కంటిలో మందుచుక్క వేయుట సులభమని తలంతుము. పలువురు సీసా మొనను రెప్పకు తాకించి మందును మలినపరతురు. చేతులు కడిగికొని, తల వెనుకకు వాల్చి, క్రిందిరెప్పను లాగి సంచివలె చేసి, మొన తాకకుండ ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కుప్రక్క మూలను కొంతసేపు అదిమి పట్టవలెను. ఇది చెప్పుటకు నాకిన్ని మాటలు పట్టినవి. మా మనుమరాలు తన ఫోనులో ఒక్క నిమిషమున చూపినది.

కాని అదే ఫోను మా వీధిలో నొకరికి కన్ను పోవుటకు కారణమైనది. ఆ రైతు వరి నూర్పిడివేళ కంటిలో పొల్లు పడి ఎర్రబారగా, ఎవరో ఊరు పేరు లేనివారు పెట్టిన వీడియోను నమ్మి, ఆకుపసరు పిండుకొనెను. నొప్పి తగ్గక, మిగిలిపోయిన పాతచుక్కలు వేసికొనెను. అవి స్టెరాయిడు చుక్కలని పిదప తెలిసినది. గడ్డి, పొల్లు తగిలిన కంటిలో బూజుజాతి క్రిములు చేరి పుండు పుట్టవచ్చును. అట్టి పుండునకు స్టెరాయిడు ఆజ్యము పోసినట్లగును. వైద్యుని చేరునాటికి నల్లగ్రుడ్డుపై పువ్వు వేసినది. ఆ వీడియోవాడు ఈ కన్నును చూడలేదు, ఎన్నడును చూడబోడు. పొలిమేర దాటిన శస్త్రకారుడు మరల వచ్చునంటిని గదా, వచ్చినాడు.

కావున మీకు మూడు సూచనలు మనవి చేసెదను. బొమ్మను చూపువాడెవడో, ఏ వైద్యశాలకు చెందినవాడో ముందుగా అడుగుడు. శుక్లమును చుక్కలతో కరగింతుననువానిని, నీటికాసులవలన పోయిన చూపును తిరిగి రప్పింతుననువానిని నమ్మకుడు. శుక్లమునకు శస్త్రచికిత్సయే మార్గము. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదానిని మాత్రము కాపాడుకొనవచ్చును. మూడవది, నొప్పితో కూడిన ఎరుపు, చూపు తగ్గుట, పొల్లుగాని మిరపఘాటుగాని మందుగాని కంటిలో పడుట సంభవించినచో, శుభ్రమైన నీటితో కడిగి ఆనాడే వైద్యుని చేరుడు. మంచి వీడియో మిమ్ములను వైద్యుని వాకిటికి పంపును. చెడ్డ వీడియో ఆ వాకిటికి అడ్డము నిలుచును.

ఉపాధ్యాయ సోదరులకొక విన్నపము. స్నెల్లెను పటము వెల స్వల్పము. తరగతిగోడకు దానిని తగిలించి, ఆరు మీటర్లు కొలిచి గీతగీసి, ఏటేట ఒకనాడు ప్రతి బిడ్డను, ఒక్కొక్క కన్ను మూసి, చదివింపుడు. తడబడిన బిడ్డను దండింపక కంటివైద్యుని యొద్దకు పంపుడు. నేనా పని చేసియుండిన, ఒక బాలునికి వేపాకులు ఏడాది ముందుగనే విడివిడిగా కనబడియుండెడివి.