రాజమండ్రి టు హైదరాబాద్: ఎంత దూరం? ఫ్లైట్‌లో నిజంగా గంటేనా?

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఫ్లైట్‌లో గంట అంటారు. మరి ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఎంత? ఆస్పత్రి అపాయింట్‌మెంట్, వీసా ఇంటర్వ్యూ లాంటి పనులుంటే ఈ లెక్క ముందే తెలుసుకోవాలి.

దూరం ఎంత?

మధురపూడి ఎయిర్‌పోర్ట్ నుంచి శంషాబాద్‌కి గాల్లో నేరుగా కొలిస్తే దాదాపు 360 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డు మార్గంలో అయితే సుమారు 430 కిలోమీటర్లు. రైల్లో సికింద్రాబాద్‌కి దాదాపు 500 కిలోమీటర్లు.

ఫ్లైట్ టైమ్ ఎంత?

టికెట్ మీద సుమారు గంట 10 నిమిషాలు ఉంటుంది. ఈ రూట్‌లో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. అలాంటప్పుడు అంత టైమ్ ఎందుకు? విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగడానికి వంతు రావడం, దిగాక పార్కింగ్‌కి చేరడం అన్నీ అందులోనే కలుస్తాయి.

అసలు లెక్క ఇదీ

రాజమండ్రి సిటీ నుంచి మధురపూడి సుమారు 18 కిలోమీటర్లు. అంటే 40 నిమిషాలు వేసుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో గంటన్నర ముందుంటే టెన్షన్ ఉండదు. ఫ్లైట్ గంట 10 నిమిషాలు. లగేజీ తీసుకుని బయటపడేసరికి అరగంట. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్లడానికి ఇంకో గంట. మొత్తం దాదాపు 5 గంటలు!

అమలాపురం వాళ్లకైతే ఇంకా ఎక్కువ. అక్కడికి ఇప్పటికీ రైలు లేదు. మధురపూడికి రోడ్డు మీద 75-80 కిలోమీటర్లు రావాలి. అంటే ఆరున్నర గంటలు తప్పదు.

రైలు సంగతేంటి?

2023 జనవరిలో మొదలైన విశాఖ-సికింద్రాబాద్ వందేభారత్ రాజమండ్రి నుంచి సుమారు ఆరున్నర గంటల్లో చేరుస్తుంది. వారంలో ఒకరోజు ఉండదు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే రాత్రి ఎక్కితే పొద్దున్నకి హైదరాబాద్‌లో దింపుతుంది.

ఏది బెటర్?

పొద్దున్న 10 గంటలకే పని ఉంటే రాత్రి రైలే సేఫ్. ఫ్లైట్‌లో అదే టైమ్‌కి చేరాలంటే తెల్లవారుజామునే ఇంట్లోంచి బయల్దేరాలి, అంత పొద్దున్నే ఫ్లైట్ కూడా ఉండాలి. మధ్యాహ్నం తర్వాత పనైనా, ఉన్నట్టుండి వెళ్లాల్సి వచ్చినా ఫ్లైట్ నయం. వందేభారత్ కంటే దాదాపు రెండు గంటలు కలిసొస్తాయి.

సంక్రాంతి సీజన్‌లో మాత్రం రెండూ కష్టమే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది కాబట్టి ఆ రోజే బుక్ చేసుకోండి. టైమింగ్స్ మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చెక్ చేసుకోవడం మర్చిపోకండి.