షామా

షామా (కాప్సికస్ మలబారికస్) దట్టమైన పొదల్లో, వెదురు చాటున బతికే పాటల పిట్ట. తెలుగులో పొద నలంచి అంటారు. భారతదేశం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంది. తూర్పు కనుమల్లోనూ ఉంది. కంటపడటం తక్కువ, వినపడటమే ఎక్కువ.

మగపిట్ట తల, వీపు నిగనిగలాడే నలుపు. పొట్ట ఇటుక రంగు. పొడవాటి తోక మొదట్లో తెల్లటి పట్టీ. ఆడది కాస్త వెలిసిన రంగుల్లో, పొట్టి తోకతో ఉంటుంది.

వేసవిలో తెల్లవారుజామున, మళ్లీ మునిమాపున చెవి పెట్టాలి. వేణువులాంటి నిండు స్వరాలు కొన్ని పలికి ఆగుతుంది, అంతలోనే వేరే వరస అందుకుంటుంది. మధ్యలో ఇతర పక్షుల కూతలూ కలిపేస్తుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. తోటల్లో తిరిగే పెద్ద నలంచి పాట కూడా ఇంపైనదే గానీ, షామా గొంతుకున్న లోతు దానికి లేదు. షామా బెదిరితే మాత్రం 'చక్ చక్' అని కటువుగా అరుస్తుంది.

1889లో జర్మనీలో లుడ్విగ్ కోక్ అనే బాలుడు మైనపు గొట్టం మీద పట్టిన పంజరపు షామా పాటను తొలి పక్షిపాట రికార్డింగుగా చెబుతారు. ఇండోనేషియాలో పాటల పోటీల కోసం వీటిని విపరీతంగా పట్టారు. 2022లో వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ పక్షిని చేర్చారు. మన దేశంలో అడవి షామాను పట్టి పంజరంలో పెంచడం చట్టప్రకారం నేరం.