పక్కవాద్యం నుంచి పగ్గాల దాకా

వాద్యబృందాన్ని నడిపే మనిషి ఎక్కడ తయారవుతాడు? యూరప్‌లో దీనికి జవాబు దొరకడం తేలిక. బృందాన్ని నడిపే చిన్న కర్ర వాడుకలోకి రాకముందు అక్కడ తరచు మొదటి వయొలిన్ వాయించేవాడే కమానుతో లయ చూపిస్తూ అందరినీ నడిపేవాడు. లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ బృందంలో మొదటి వయొలినిస్టుగా ఉన్న షార్ల్ మ్యూన్ష్ 1949లో బోస్టన్ సింఫనీ పగ్గాలు పట్టాడు. బొంబాయిలో మెహ్లీ మెహతా కూడా వయొలిన్‌తోనే మొదలై 1935లో సింఫనీ బృందాన్ని స్థాపించాడు. మన కృష్ణా జిల్లాకు సింఫనీ లేదు. అయినా ఆ దారి ఇక్కడా ఉంది. అది కర్ణాటక కచేరీలోని పక్కవాద్యం దగ్గర మొదలై, రికార్డింగ్ థియేటర్‌కు చేరిందని నా అభిప్రాయం.

అందుకు గట్టి సాక్ష్యం సుసర్ల దక్షిణామూర్తి. 1921లో దివిసీమకు దగ్గరి పెదకళ్ళేపల్లిలో పుట్టి, వయొలిన్ విద్వాంసుడిగా ఎదిగి, గ్రామఫోను కంపెనీ మీదుగా సినిమాకు వెళ్ళాడు. ‘సంసారం’ (1950), ‘సంతానం’ (1955), ‘నర్తనశాల’ (1963) ఆయన సంగీతమే. ఆ రోజుల్లో పాటను ముక్కలుగా రికార్డు చేసి అతికే వీలు లేదు. గాయకుడు, వాద్యాలు, తాళం అన్నీ ఒక్కసారే పలకాలి. ఒక్క వయొలిన్ అపస్వరం పలికినా పాట మళ్ళీ మొదటికి వచ్చేది. కచేరీలో వయొలినిస్టు చేసేదీ ఇలాంటి పనే. గాయకుడి ఊపిరి కనిపెట్టి ఆలాపనను వెన్నంటాలి, కల్పనస్వరాల్లో తన వంతు అందుకోవాలి, మృదంగంతో కలిసి ఎడుపుకు, అంటే పాట ఎత్తుకునే చోటుకు, సరిగ్గా దిగాలి. ఇన్ని చెవులు ఒకేసారి పెట్టడం నేర్చినవాడికి ఇరవై మందిని వినడం కొత్త కాదు.

సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు హార్మోనియం నుంచి వచ్చాడు కదా, ఈమని శంకరశాస్త్రి వైణికుడై ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపాడు కదా అని అడగవచ్చు. నిజమే, వయొలిన్ ఒక్కటే నిచ్చెన కాదు. అన్నవరపు రామస్వామి లాంటి మహావిద్వాంసులు పగ్గాల జోలికి పోకుండా వయొలిన్‌లోనే శిఖరానికి చేరారు. కానీ 1952లో ఆకాశవాణి జాతీయ వాద్యబృందం ఏర్పడినప్పుడు రవిశంకర్‌తో పాటు దాన్ని నడిపిన టి.కె. జయరామ అయ్యర్ వయొలినిస్టే. ఇది కాకతాళీయమని నేననుకోను.

మన సంగీతంలో అందరూ ఒకే రాగస్వరాలు వాయిస్తారు, నడిపేవాడెందుకు అన్నది ఇంకో ఆక్షేపణ. ఇద్దరు ముగ్గురున్న కచేరీకి అది చెల్లుతుంది. వాద్యాలన్నీ ఒక్కసారే పలకాల్సిన ‘నర్తనశాల’ బృహన్నల పాటకు చెల్లదు. దాన్ని పాడిన బాలమురళీకృష్ణ గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆ పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, అంటే ఈ సంగీత దర్శకుడి తాతగారే. ఒకే గురుపరంపరకు చెందిన ఇద్దరు, మైకుకు అటూ ఇటూ.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో ఈ సంగీతాన్ని వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళకు చేర్చింది. సినిమా టైటిళ్ళలో మాత్రం బృందంలోని వయొలిన్లకు పేర్లు లేవు. మీ ఇళ్ళలో పాత స్వరాల నోటు పుస్తకాలో, రేడియో ఒప్పంద పత్రాలో ఉంటే పారేయకండి. వాటి మీద ఎవరి పేరుందో చూసి రాసిపెట్టండి.