వియ్యానికీ కయ్యానికీ

ఫలానా దేశం ఫలానా దేశానికి ఆప్తమిత్రం అని వార్తల్లో తరచు వింటూ వుంటాం. ఎవరు ఎవరికి ఎంత ఆప్తులో తేల్చటం ఎలాగండీ? కాగితం మీద సంతకాలుంటే చాలునా? ఈ సందేహం నాకు వచ్చినప్పుడల్లా ఇంగ్లండు, పోర్చుగల్ దేశాల కథే గుర్తుకు వస్తుంది. నేటికీ చెల్లుబాటులో వున్న సైనిక మైత్రి ఒప్పందాల్లో వాళ్ళదే అన్నిటికన్నా పాతదంటారు. 1373లో లండనులో రాసుకున్నారు. 2023కి 650 ఏళ్ళు నిండాయి. అంతటి స్నేహం మన గోవా దగ్గరికి వచ్చేసరికి ఏమయిందో చెప్పాలనే ఈ ప్రయత్నం.

పోర్చుగల్ చిన్న దేశం. పక్కనే కాస్టిల్ అనే పెద్ద రాజ్యం, ఇప్పటి స్పెయినులో భాగం. దాని భయం ఎప్పుడూ వుండేది. 1385లో కాస్టిల్ దండెత్తి వస్తే అల్జుబరోటా దగ్గర పోర్చుగీసువారు గెలిచారు. ఆ యుద్ధంలో ఇంగ్లీషు విలుకాండ్రు కొందరు వాళ్ళ పక్షాన నిలబడ్డారు. మరుసటి ఏడే విండ్సర్‌లో ఇంకో ఒప్పందం. మాట గట్టిపడాలంటే పిల్లనివ్వాలి కదా! 1387లో లాంకాస్టర్ ప్రభువు కూతురు ఫిలిప్పాని పోర్చుగల్ రాజు జువావ్‌కిచ్చి చేశారు. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు దాటాయి. ఆ రోజుల లెక్కకి ఆలస్యపు పెళ్ళే. కొడుకులందరికీ మంచి చదువు చెప్పించింది. వాళ్ళలో హెన్రీ ఆఫ్రికా తీరం వెంబడి ఓడల్ని పంపించటం మొదలుపెట్టాడు. ఆ దారినే పోగా పోగా 1498లో వాస్కోడగామా కోళిక్కోడు చేరాడు, 1510లో అల్బుకర్క్ గోవాని పట్టుకున్నాడు. ఆ కథ మొదట్లో ఒక ఇంగ్లీషు తల్లి వుందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నాకెక్కడా కనిపించలేదు.

రెండో పెళ్ళి మనకి ఇంకా దగ్గరిది. 1580 నుంచి 60 ఏళ్ళు పోర్చుగల్ స్పెయిను రాజుల కింద వుండిపోయింది. బయటపడ్డాక అటు స్పెయినూ, ఇటు సముద్రం మీద డచ్చివారూ వదలలేదు. అండ కావాలి. 1662లో రాకుమారి కాథరిన్‌ని రెండో చార్లెస్‌కిచ్చి చేసి, కట్నంగా టాంజియర్ రేవు, బొంబాయి, బోలెడు నగదు ఇస్తామన్నారు. నగదు పూర్తిగా ముట్టక ఎన్నాళ్ళో పేచీలు. బొంబాయి అప్పగించటానికి అక్కడి పోర్చుగీసు అధికారులు మొరాయించి 1665 దాకా లాగారు. చివరికి 1668లో చార్లెస్ ఆ వూరిని ఏడాదికి 10 పౌన్ల అద్దెకి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు! ఇంగ్లండు రాణివాసంలో టీ తాగటం వేడుకగా మారింది ఆమె వల్లేనంటారు. పాపం, ఆమెకి పిల్లలు లేరు, మొగుడికి ఉంపుడుగత్తెలకి కొదవలేదు. ఈ పెళ్ళి ఒప్పందంలో ఒక రహస్యపు షరతు వుంది. పోర్చుగల్‌కి సముద్రాల అవతల వున్న ప్రాంతాల్ని ఇంగ్లండు కాపాడాలని. దీన్ని గుర్తుపెట్టుకోండి.

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ వుండాలంటారు మన పెద్దలు. ఇక్కడ సమవుజ్జీ లేదు. 1807లో నెపోలియన్ సేనలు లిస్బన్ మీదికి వచ్చినప్పుడు బ్రిటిషు నౌకలు రాజకుటుంబానికి తోడుగా బ్రెజిలు దాకా వెళ్ళిన మాట నిజమే. తరవాత వెల్లింగ్టన్ వచ్చి ఫ్రెంచివారితో పోరాడాడు. (1799లో నిజాము సైన్యంతో కలిసి శ్రీరంగపట్నం మీదికి నడిచిన వెల్లస్లీయే ఈయన.) కాని 1890లో ఆఫ్రికాలో తమకి కావలసిన నేల దగ్గర పోర్చుగల్ అడ్డు తగిలితే, ఖాళీ చేస్తారా లేదా అని అదే బ్రిటన్ గద్దించింది. పోర్చుగల్ తలవంచింది. ఆ అవమానంతో జనం కట్టుకున్న పాటే తరవాత వాళ్ళ జాతీయగీతమయింది. 1943లో తనకి అజోర్స్ దీవుల్లో స్థావరాలు కావలసివచ్చినప్పుడు మాత్రం చర్చిల్ పార్లమెంటులో 1373 నాటి ఒప్పందాన్ని పేరుపెట్టి తలుచుకున్నాడు.

ఇక 1961. గోవా తమ వలస కాదు, తమ రాష్ట్రమేనన్నది సలజార్ పట్టు. మన సైన్యం వస్తుందని తెలిసి ఆయన బ్రిటన్‌కి ఆ పాత షరతు గుర్తుచేశాడు. కామన్వెల్తులో వున్న దేశంతో మేము యుద్ధం చెయ్యలేమని జవాబు వచ్చింది. 1949లో నాటో కూటమి మొదలైనప్పటి నుంచీ పోర్చుగల్ అందులో వుంది, కాని ఆ ఒప్పందం హద్దుల్లోకి గోవా రాదు. భద్రతామండలిలో కాల్పులు ఆపమన్న తీర్మానానికి బ్రిటన్, అమెరికా, ఫ్రాన్సు చెయ్యెత్తాయి, సోవియట్ యూనియన్ వీటో చేసింది. చెయ్యెత్తినవాళ్ళెవరూ ఓడ పంపలేదు. చివరిదాకా పోరాడి చావండి గాని లొంగవద్దన్న సలజార్ ఆజ్ఞని పక్కనపెట్టి డిసెంబరు 19న గవర్నరు జనరల్ వసాలో ఎ సిల్వా లొంగిపోయాడు. ఎంతోమంది సైనికుల ప్రాణాలు దక్కాయి, ఆయన ఉద్యోగం మాత్రం పోయింది.

బ్రిటన్ చేసింది ద్రోహమా అంటే, నేనైతే అననండి. గోవా ప్రజల్ని అడగకుండా పెళ్ళిపీటల దగ్గర రాసుకున్న షరతు అది. కాని కూతుర్నిచ్చి, వూరినిచ్చి అండ కొనుక్కున్న చిన్న దేశం వైపు నుంచి ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది.

1974లో పోర్చుగల్‌లో ప్రభుత్వం మారింది, ఆ ఏడు చివర్లో గోవా భారతదేశానిదేనని ఒప్పుకుని సంతకం చేశారు. 1982లో ఫాక్‌లండ్ దీవుల కోసం బ్రిటన్ అర్జెంటీనాతో యుద్ధానికి దిగినప్పుడు, అజోర్స్‌లో వసతులు వాడుకోమని పోర్చుగలే కబురు చేసింది.