అట్ట పోయిన పుస్తకం

మొన్న బెజవాడ వెళ్ళినప్పుడు ఏలూరు రోడ్డులో ఓ పాత నవల దొరికింది. ఎవరో గట్టిగా బైండు చేయించారు గానీ, బాపు వేసిన ముఖచిత్రం లేదు. అమ్మ చూసి, "అట్ట మీద జడ వేసుకున్న పిల్ల ఉండాలే!" అంది. ఆ పిల్ల కోసమే ఈ టపా.

ఇది మన ఒక్కరి గొడవ కాదులెండి. ఇంగ్లీషు పుస్తకాల జాకెట్లు మొదట్లో ఉత్త పొట్లం కాగితాలే. కొన్నాక చింపి పారేసేవాళ్ళు. ఇంగ్లీషువాటిలో బాగా పాతది, 1829 నాటిది, ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ లైబ్రరీలో దొరికిందని 2009లో బయటికొచ్చింది. 1925 నాటి 'గ్రేట్ గాట్స్‌బీ' తొలి ముద్రణకి జాకెట్ ఉంటే ధర ఎన్నో రెట్లు! అందుకే అక్కడ నకలు జాకెట్లు అచ్చేసి అమ్ముతారు.

మనవి ఎక్కువగా మెత్తటి అట్టలు. పదిమంది చేతులు మారే పుస్తకం నిలవాలంటే బైండు తప్పదు. పుస్తకం బతికింది, బొమ్మ పోయింది. బైండరుని తప్పుపట్టలేం. కానీ 2014లో బాపు పోయాక ఆ బొమ్మలు మళ్ళీ గీసేదెవరు?

చివరికి ఓ మిత్రుడి దగ్గర అదే ముద్రణ దొరికింది. స్కాన్ చేసి, కలర్ ప్రింటు తీయించి తొడిగాను. లోపలి మడత మీద "ఇది నకలు" అని పెన్నుతో రాశాను. రేపెవరూ అసలనుకుని మోసపోకూడదు కదా.

అమ్మ మాత్రం ఆ పిల్లని చూసి నవ్వింది. మీ ఇంట్లో పాత అట్టలుంటే, బైండుకిచ్చే ముందు ఓ స్కాన్ తీసిపెట్టండి.