రెండు ఓడలు, ఒక ఎక్సెల్ షీటు

మా ఆవిడ ఎప్పట్నుంచో ఓడ ప్రయాణం అంటోంది. విమానం దిగి హోటలు, హోటల్నుంచి ట్యాక్సీ, మళ్లీ ఇంకో హోటలు - ఈ గోలంతా లేకుండా అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లొచ్చని, అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఒకేచోట ఉండే ప్రయాణమైతే సుఖమని ఆవిడ వాదన. కాదనడానికి ఏమీ దొరకలేదు :) సింగపూర్ నుంచి తిరిగే 'జెంటింగ్ డ్రీమ్' అనే ఓడని చూసి పెట్టాను.

మేముండేది టోలిచౌకిలో. పైకెళ్తే సినిమావాళ్ల ఫిల్మ్‌నగర్, ముందుకెళ్తే మా గచ్చిబౌలి. ఈ రెంటి మధ్యా గల్ఫ్‌లో సంపాదించుకొచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లు మా పేటలో చాలామంది. మా ఇంటి ఓనరు గారూ అంతే, పాతికేళ్లు జెడ్డాలో ఉండి వచ్చారు. అద్దె ఇవ్వడానికి వెళ్లినప్పుడు మాటల్లో ఓడ సంగతి చెప్పాను. "సింగపూర్ ఎందుకు బేటా, జెడ్డాలో 'అరోయా' అని కొత్త ఓడ వచ్చింది. మందు లేదు, జూదం లేదు. ఫ్యామిలీతో వెళ్లాలంటే అదే మేలు" అన్నారు.

ఇక నాలోని ఇంజినీరు నిద్ర లేచాడు. ఎక్సెల్ తెరిచి రెండు కాలమ్స్ పెట్టాను. పొడవు: ఇటు 335 మీటర్లు, అటూ 335 మీటర్లే. పరిమాణం: ఇటూ లక్షన్నర టన్నులు, అటూ లక్షన్నరే. గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తే ప్రయాణికులు: రెండింటిలోనూ 3,350 అటూ ఇటూ. ఎక్కడో కాపీ పేస్టులో తప్పు చేశాననుకుని మళ్లీ చూశాను. తప్పేం లేదు. రెండూ కవలలు! జర్మనీలో పాపెన్‌బుర్గ్ అనే ఊళ్లో మయర్ వెర్ఫ్ట్ అనే కంపెనీ ఒకే నమూనాతో, ఏడాది తేడాతో కట్టింది. 2016లో జెంటింగ్ డ్రీమ్, 2017లో వరల్డ్ డ్రీమ్. కరోనా దెబ్బకి వాటి యజమాని జెంటింగ్ హాంగ్‌కాంగ్ 2022లో దివాలా తీసింది. ఆ ఏడాదే మొదటి ఓడ మళ్లీ సింగపూర్ కేంద్రంగా తిరగడం మొదలెట్టింది. రెండోదాన్ని సౌదీవాళ్లు కొని, పేరు మార్చి, 2024 డిసెంబర్లో జెడ్డా నుంచి అరోయాగా నడపడం మొదలుపెట్టారు. ఒకదాంట్లో కాసినో, ఇంకోదాంట్లో నమాజుకి చోటు. మన భాషలో చెప్పాలంటే కోడ్ ఒకటే, రెండు చోట్ల డిప్లాయ్ చేశారు, కాన్ఫిగరేషన్ ఫైలు మాత్రం వేరు.

ఈ వింత ఫోన్లో నాన్నకి చెబితే, ఆయన ఇంకో వింత చెప్పారు. "మనింట్లో ఓడెక్కే మొదటివాడివి నువ్వే అనుకుంటున్నావేంట్రా? మా అమ్మ వాళ్ల చిన్నాన్న ఎప్పుడో ఎక్కాడు. మలయా వెళ్లాడు."

"ఏ ఓడ నాన్నా?"

"ఏ ఓడో ఎవరికి తెలుసు? పినాంగి ఓడ అనేది మా అమ్మ. వెళ్లినవాడు మళ్లీ రాలేదు."

మాది విజయనగరం వైపు. మా దగ్గర్నుంచి రంగూన్ వెళ్లినవాళ్ల కథలు చాలానే విన్నాను (రంగూన్‌ని మా పెద్దవాళ్లు 'రంగం' అనేవారు). వాళ్లకి విశాఖ, కాకినాడ, కళింగపట్నంలోనే స్టీమర్లు దొరికేవి. మలయా దారి వేరు. రైల్లో మద్రాసు వెళ్లాలి. దగ్గర్లోని ఆవడి క్యాంపులో ఉండాలి. తర్వాత ఓడ. కంగాణీ అని ఎస్టేటు మేస్త్రీ ఒకడు ఊళ్లోకొచ్చి మనుషుల్ని కూడగట్టేవాడు. టికెట్ డబ్బులు ఎస్టేటు యజమానుల మీద పన్ను వేసి కూడబెట్టిన నిధిలోంచి కట్టేవారు. 1938లో భారత ప్రభుత్వం అలా కూలీల్ని పంపడం ఆపేసింది. కాబట్టి నాన్నమ్మ వాళ్ల చిన్నాన్న అంతకుముందే వెళ్లుండాలి. నాన్నమ్మ పుట్టకముందే వెళ్లాడని నాన్న కూడా అన్నారు. 1930ల్లో ఎప్పుడో అనుకోవచ్చు.

ఆ రోజుల్లో మద్రాసు నుంచి నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెట్టెన్‌హామ్ (ఇప్పటి పోర్ట్ క్లాంగ్) మీదుగా సింగపూర్ దాకా ఓడలు నడిపింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ, అందరూ బీఐ అనేవారు. ఆ దారి కోసమే వాళ్లు 1926లో రెండు కొత్త ఓడలు దించారు. ఒకటి రాజులా, గ్లాస్గోలో కట్టారు. ఇంకోటి రోహ్నా, ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున హెబ్బర్న్‌లో కట్టారు. కట్టిన కంపెనీలు వేరైనా ఇవీ కవలలే! రెండూ సుమారు 8,500 టన్నులు, రెండింటికీ ఒకే దారి, ఒకే పని. తొంభై ఏళ్ల తర్వాత నా ఎక్సెల్ షీటులోకి ఎక్కిన జంటకి ఇది ముత్తాత జంట అన్నమాట.

కవల ఓడలనగానే మనకి గుర్తొచ్చేది టైటానిక్. దానికీ ఒలింపిక్ అని ఏడాది పెద్ద అక్క ఉంది. రెండూ బెల్‌ఫాస్ట్‌లో ఒకే యార్డులో పక్కపక్కనే తయారయ్యాయి. టైటానిక్ 1912లో మొదటి ప్రయాణంలోనే మునిగింది, ఒలింపిక్ 1935 దాకా తిరిగి రిటైరైంది. రాజులా, రోహ్నాల కథా అలాంటిదే. కాకపోతే సినిమా రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం రెండింటినీ సైనికుల్ని మొయ్యడానికి వాడుకుంది. 1943 నవంబర్లో రోహ్నా సుమారు రెండు వేలమంది అమెరికన్ సైనికుల్ని అల్జీరియాలోని ఓరాన్‌లో ఎక్కించుకుంది. వాళ్లు వెళ్లాల్సింది ఎక్కడికో తెలుసా? మన దేశానికే. బర్మా, చైనా వైపు యుద్ధం కోసం. నవంబర్ 26 సాయంత్రం మధ్యధరా సముద్రంలో జర్మన్ విమానం ఒకటి రేడియోతో దారి మళ్లించే బాంబు వదిలింది. ఇప్పటి గైడెడ్ మిసైళ్లకి పూర్వీకుడు లాంటిది. అది సూటిగా ఓడ పక్కటెముకలోకి దిగింది. చాలా లైఫ్ బోట్లని కిందికి దించలేకపోయారు, దించినవాటిలోనూ చాలా నీళ్లు నిండి మునిగిపోయాయి. 1,138 మంది చనిపోయారు. అందులో 1,015 మంది అమెరికన్ సైనికులు. సముద్రంలో ఒక్క దాడిలో అమెరికా అంతమంది సైనికుల్ని పోగొట్టుకోవడం అదే. అయినా యుద్ధ రహస్యమని వివరాలు బయటికి రానివ్వలేదు. 2000లో గానీ అమెరికన్ కాంగ్రెస్ వాళ్ల కోసం తీర్మానం చెయ్యలేదు.

1,138 లోంచి 1,015 తీసెయ్యండి. మిగిలిన 123లో ఎక్కువమంది ఓడ సిబ్బంది. ఆ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశంవాళ్లే, అప్పట్లో లస్కర్లు అనేవారు. బాయిలర్లో బొగ్గు వెయ్యడం, వండటం, కడగడం వాళ్ల పని. రోహ్నా కథ ఎక్కడ చదివినా అమెరికన్ల లెక్క ఒకరి తర్వాత ఒకరుగా ఉంటుంది, వీళ్లది మాత్రం 'మిగిలినవాళ్లు' అనే ఒక్క వరసలో ఉంటుంది.

రాజులా మాత్రం యుద్ధం నుంచి బయటపడి మళ్లీ పాత దారిలో పడింది. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మలయా మలేసియా అయింది, సింగపూర్ విడిపోయింది, రాజులా తిరుగుతూనే ఉంది. 1973లో దాన్ని షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని, అండమాన్‌లోని రంగత్ పేరు పెట్టింది. మరుసటేడు తుక్కు కింద పోయింది. తర్వాత ఆ దారిలో తిరిగిన చిదంబరం అనే ఓడలో 1985లో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. మద్రాసు-సింగపూర్ ఓడ ప్రయాణాలు దాంతో సరి.

ఇంతవరకూ చదివి "అయితే రాజులా ఎక్కినవాడు అదృష్టవంతుడు" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. పెద్దాయన ఎక్కింది ఏ ఓడో తేల్చాలని రెండు రాత్రులు కూర్చున్నాను కూడా. తర్వాత ఒక అంకె నన్ను ఆపేసింది. ఈ జంట ఓడలకి ఒక్కొక్కదానికీ ఐదువేలకి పైగా డెక్ ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి ఉండేది. ఐదు వేలు! 8,500 టన్నుల ఓడలో!

ఓడల లెక్కలో గ్రాస్ టన్ను అంటే బరువు కాదండీ, లోపలి చోటు. ఆ రోజుల్లో వంద ఘనపుటడుగులు ఒక టన్ను. రాజులా నిండా ఎక్కిస్తే మనిషికి 1.7 టన్నులు, అంటే 170 ఘనపుటడుగులు. ఇంజన్లు, బాయిలర్లు, వంటిళ్లు, పైనున్న దొరల క్యాబిన్లు, అన్నీ కలిపే ఈ లెక్క. అవి తీసేస్తే చాప పరుచుకునేంత మిగులుతుంది. నిజంగా చాపే. మంచం ఉండదు, పరుపు ఉండదు. ట్రంకు పెట్టె తలగడ. వారం పైచిలుకు ప్రయాణం. అదే నేను చూసిన కొత్త ఓడల్లో మనిషికి 45 టన్నులు. కొలిచే సూత్రం ఇప్పుడు మారింది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ 1.7కీ 45కీ మధ్య తేడా కనపడ్డానికి సూత్రంతో పనిలేదు.

అప్పుడు అర్థమైంది, నా షీటులో కాలమ్స్ పెట్టడమే తప్పని. రాజులాకీ రోహ్నాకీ మధ్య తేడా దాదాపు సున్నా. రాజులాలో పై క్యాబిన్‌కీ కింది డెక్‌కీ మధ్య ఉన్న తేడానే అసలు తేడా. పైన తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ ముందు భోంచేసిన ఎస్టేట్ మేనేజరూ, కింద చాప మీద వాంతులు చేసుకున్న కూలీ ఒకే ఓడలో వెళ్లారని రికార్డులు చెబుతాయి. అది నిజమే గానీ వాళ్లు చేసిన ప్రయాణం ఒకటి కాదు. టైటానిక్ లెక్కా ఇదే చెబుతుంది. ఫస్ట్ క్లాసులో నూటికి 60 మందికి పైగా బతికితే, థర్డ్ క్లాసులో సుమారు 25 మందే బతికారు. మంచుకొండ అందరికీ ఒకటే, మెట్లే వేరు.

ఇంకో సంగతి. ఎంచుకోవడం అనేదే పైవాళ్లకుండేది. దొరగారు రాజులాలోనా, రోహ్నాలోనా అని తేదీలు చూసుకుని ఉంటాడు. కంగాణీ వెంట వచ్చినవాడికి ఆవడి క్యాంపులో పిలిచిన రోజే తేదీ, రేవులో ఉన్నదే ఓడ. అందుకే నాన్నమ్మకి కూడా ఓడ పేరు తెలీదు, 'పినాంగి ఓడ' అని ఊరి పేరే తెలుసు.

ఇది మా ఇంటి ఓనరు గారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్నగారు బొంబాయి నుంచి ఓడలో హజ్‌కి వెళ్లిన సంగతి చెప్పారు (మన దేశం నుంచి ఓడల్లో హజ్ ప్రయాణాలు 1995 దాకా సాగాయి). "ఓడ పేరు నాకూ తెలీదు బేటా. కింది అంతస్తులో పడుకున్నాననీ, రాత్రుళ్లు గాలి కోసం మెట్ల మీద కూర్చునేవాణ్ననీ మాత్రం అబ్బా చెప్పేవారు" అన్నారు.

ఇప్పుడు కాలం మారింది కదా, డెక్ ప్రయాణికులు లేరు కదా అంటారా? చాపలు లేవు, నిజమే. కానీ జెంటింగ్ డ్రీమ్‌లో 'ప్యాలెస్' అని ఒక భాగం ఉంది. అక్కడున్నవాళ్లకి వేరే ఈతకొలను, వేరే భోజనశాల, సేవకి బట్లర్. ఓడలో ఇంకో ఓడ అన్నమాట. అదే ఓడలో కిటికీ లేని లోపలి గదులూ ఉన్నాయి. ఇక గదులు సర్దే, గిన్నెలు కడిగే వాళ్లు పడుకునే చోటు ఏ బ్రోషర్లోనూ ఫొటోగా రాదు.

చివరికి సింగపూర్ ఓడే బుక్ చేశాను. కాసినో కోసం కాదు లెండి. మేం తీసుకున్న ట్రిప్పు పెనాంగ్‌లోనూ, పోర్ట్ క్లాంగ్‌లోనూ ఆగుతుంది. రాజులా దారే, కాకపోతే అటు నుంచి ఇటు. మలేసియా తెలుగువాళ్లు 1955లోనే సంఘం పెట్టుకున్నారు, ఇప్పటికీ పిల్లలకి తెలుగు నేర్పుతున్నారు. వాళ్లలో మా పెద్దాయన మనవలెవరైనా ఉన్నారో లేదో నేను కనుక్కోలేను, కంగాణీ వెంట వెళ్లినవాడి పేరొక్కటే మా దగ్గరుంది. అయినా పెనాంగ్ రేవులో ఒక్కసారి దిగి నిలబడాలని నాన్న అడిగారు.

డబ్బు మిగులుతుందని ముందు వాళ్లిద్దరికీ లోపలి గది పెట్టాను. టికెట్లు పంపేముందు నాన్న ఫోన్ చేసి ఒక్కటే అడిగారు.

"ఓడ ఏదైతే ఏముంది గానీ, అమ్మకి కిటికీ ఉందా?"

ఎక్సెల్ షీటు మూసేసి గది మార్చాను.

మీ ఇంట్లో కూడా రంగం ఓడో, పినాంగి ఓడో ఎక్కినవాళ్లు ఉండే ఉంటారు. ఓడ పేరు అడక్కండి, ఎవరికీ గుర్తుండదు. ఎక్కడ పడుకున్నారో అడగండి.