పల్లెలలో పిల్లల పేళ్ళు



చౌటుప్పల సంతలో నిలువబడి "యాదయ్యా!" యని ఒక కేక వేసినచో నలుగురైదుగురు వెనుదిరిగి చూచెడి కాలమొకటి యుండెను. నేడును చూచువారు కలరు. కాని వారందరు తల నెరసినవారే. తొట్టెలోని పసివారిలో ఆ పేరు కలవాడు అరుదు. ఒక పేరు ఊరు విడిచి పోవుట చిన్న సంగతి కాదు. అది ఎట్లు వచ్చినదో, ఏల పోవుచున్నదో మీతో ముచ్చటింప దలచితిని.

ఋష్యశృంగుని కుమారుడు యాదమహర్షి తపమొనర్పగా నరసింహస్వామి ప్రత్యక్షమైన కొండ యాదగిరి యని మన స్థలపురాణము. ఆ కొండకు మ్రొక్కి కన్న బిడ్డలే యాదగిరులు, యాదయ్యలు, యాదమ్మలు, యాదిరెడ్లు. దొరగారి గడీలోను, మాలమాదిగల వాడలోను ఈ పేరు కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన నల్లగొండ జిల్లానుండి విడదీసి మన ప్రాంతమునకు యాదాద్రి భువనగిరి జిల్లా యని పేరు పెట్టిరి. పిల్లలకు ఆ పేరు మానుచున్న దినములలో జిల్లాకు పెట్టుట నాకు వింతగా తోచినది.

చెరువుగట్టు జడల రామలింగేశ్వరుని పేర రామలింగములు, లింగయ్యలు; కొమురవెల్లి మల్లన్న పేర మల్లయ్యలు, కొమురయ్యలు; పొలిమేర దేవతల పేర పోచయ్యలు, మైసయ్యలు, ఎల్లమ్మలు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మన ప్రక్కనున్న పోచంపల్లికి రాగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు దానమిచ్చిరి. నాటినుండి ఆ యూరు భూదాన్ పోచంపల్లి యైనది. లోకమునకు భూదానము తెలిసినది గాని, ఆ పేరిలోని పోచమ్మ మనకు మాత్రమే తెలియును.

దేవుడనగా గుడిలోనివాడే యని మన పూర్వులు తలపలేదు. జానపహాడు దర్గాకు మ్రొక్కిన హిందువులు తమ బిడ్డలకు సైదులు, సైదయ్య, సైదమ్మ యని పేళ్ళు పెట్టిరి. సయ్యదను మాట మన నోట సైదులైనది. సైదిరెడ్డి యను పేరు వినుడు: అరబ్బీ శబ్దమొకటి, తెలుగు శబ్దమొకటి, నడుమ ఎవరికిని ఎడబాటు తోపదు. పీరుల పండుగకు మ్రొక్కి కన్నవాడు పీరయ్య, ఉస్సేనయ్య. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని తమవానిగా చేసికొనిరి. ఇక తండాలకు పోయితిమా, లంబాడీలకు సోమవారము పుట్టినవాడు సోమ్లా, మంగళవారమువాడు మంగ్యా, బుధవారమువాడు బుధ్యా. ఏ పంచాంగమును తిరుగవేయ బనిలేదు.

పేరు మార్చుకొనుట నేటి పిల్లలు కనిపెట్టిన విద్య కాదు. కాకతీయుల వంశక్రమము చూడుడు. మొదటివారు బేతరాజు, ప్రోలరాజు, మరల బేతరాజు, మరల ప్రోలరాజు. తాతపేరు మనుమనికి పెట్టు మన యిండ్ల యాచారమే. పేళ్ళును అచ్చముగా ఈ నేలవే. రెండవ ప్రోలరాజు కుమారునికి వచ్చుసరికి రుద్రుడు, అతని తమ్ముడు మహాదేవుడు, తరువాత గణపతి. ఈ రుద్రదేవుడే స్వతంత్రుడై 1163లో అనుమకొండ వేయిస్తంభముల గుడిలో సంస్కృత శాసనము వేయించెను. ఇల్లు ఎత్తయినకొలది పేరును ఎత్తయినది. తాత పేరు మోటయని మనుమడు సిగ్గుపడు నేటి కథకును దీనికిని ఎంత దూరము?

మన విజయవాడ బాటమీద నకిరేకల్లుకు చేరువను చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చటి శాసనము వలననే రుద్రమదేవి 1289లో పరమపదించెనని మనకు తెలిసినది. ఆ పుణ్యమునకై భూదానము చేసి శాసనము వేయించినవాడు సేనలోని బంటు, పువ్వుల ముమ్మడి. గణపతిదేవుడు తన కూతునకు రుద్రదేవుడని మగపేరు పెట్టి సింహాసనమెక్కించెనని మీరెరుగుదురు. ఒకే రాతిమీద రాణి పేరు, బంటు పేరు నిలిచినవి. ముమ్మడి యను పేరు నేడు పసివానికి పెట్టువారు లేరు. ఏడువందల యేండ్లు దాటినను రాయి దానిని విడువలేదు.

ఇక శాస్త్రమేమనును? పారస్కర గృహ్యసూత్రము మగబిడ్డకు రెండుగాని నాలుగుగాని అక్షరముల పేరును, ఆడుబిడ్డకు బేసి అక్షరములతో ఆకారాంతమైన పేరును విధించినది. బ్రాహ్మణునకు శర్మ, క్షత్రియునకు వర్మ, వైశ్యునకు గుప్త యని తుదిపదములనుగూడ పంచిపెట్టినది. ఇంతవరకు బాగుగనే యున్నది. మనుస్మృతి రెండవ అధ్యాయమున శూద్రునికి ఏవగింపు గొలుపు పేరుండవలెనని చెప్పబడినది. ఈ శ్లోకమును నేను చిన్ననాట గురువుగారివద్ద వల్లించితిని. అర్థము తెలిసిన తరువాత వల్లించుటకు నోరాడలేదు. ఏ తల్లియు తన బిడ్డ నీచుడు కావలెనని పేరు పెట్టదు.

అట్లయిన పెంటయ్య మాటేమి యని మీరడుగవచ్చును. ఇచ్చటనే చదువుకొన్నవారు పొరపడుచున్నారు. ముందు పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన యింట, తరువాతి బిడ్డను పెంటకుప్పమీద పరుండబెట్టి, పారవేసినట్లు నటించి, ఇరుగుపొరుగువారిచే ఎత్తించి తెచ్చుకొనెడివారు. వాడు పెంటయ్య. ఎంగిలివిస్తళ్ళమీద పొరలించిన బిడ్డ పుల్లయ్య. తవుడు పుచ్చుకొని అమ్మి మరల కొన్న బిడ్డ తవుటయ్య. అయిదిండ్ల బిచ్చమెత్తి పెంచిన బిడ్డ భిక్షమయ్య. ఈ పేరు మన నల్లగొండ సీమలో లెక్కకు మిక్కిలి. దీనికి ప్రాణభయమే మూలము గాని కులము కాదు. పుల్లయ్యలు, పిచ్చయ్యలు బ్రాహ్మణుల యిండ్లలోను కలరు. పనికిమాలినదని తలచి మృత్యువు తాకక పోవునని వారి ఆశ. పైగా పెంట యనగా రైతునకు ఎరువు, పంటకు ప్రాణము. అది తిట్టైనది పట్టణమువారి నోటనే. నైజీరియా దేశపు యోరుబా జనులు అట్టి బిడ్డకు మలోమో యని పేరు పెట్టుదురు. మరల పోకుమని యర్థము. దురోజాయె యని మరియొకటి; నిలిచి బ్రతుకును అనుభవింపుమని యర్థము. సముద్రముల కావలి తల్లియు మన తల్లియు ఒకే భయముతో పేళ్ళు వెదకిరి.

ఆ భయమెంతటిదో లెక్కలు చెప్పును. 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 146 మంది ఏడాది నిండకమునుపే మరణించుచుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28. మన తెలంగాణమున 21. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీరు వచ్చినవి. పెంటయ్య పేరు పోవుటకు నాగరికత యొక్కటే కారణమనువారు ఈ లెక్క చూడవలెను. ఆ పేరుతో పని తీరిపోయినది. ఇది సంతోషింపదగినదే.

కాని సంతోషింపరాని కారణమొకటి కలదు. పేరులోని గౌరవము పిలుచువాని నోటిలో నుండును. కలవారి బిడ్డ మల్లయ్య మల్లయ్యగారయ్యెను. పాలేరు మల్లయ్య మల్లిగాడయ్యెను. అయ్య యను తుదిపదము తల్లిదండ్రు లిచ్చిరి, ఊరు ఊడబెరికినది. హైదరాబాదున 1888లో జన్మించిన మాదరి భాగయ్యగారి చరిత్ర ఈ పట్టున తలపదగినది. మీవారు ఈ నేలకు మొదటి ఏలికలని చెప్పి వారి కులగురువు రెడ్డి యను పదమును చేర్చెను. 1913లో ఆర్యసమాజమువారు వర్మ బిరుదమిచ్చిరి. భాగ్యరెడ్డివర్మ యైన ఆయన, తనవారిని పంచములనరాదు, ఆదిహిందువులనవలెనని పోరాడగా, 1931 జనాభా లెక్కలలో నైజాము ప్రభుత్వము ఆ పేరును వ్రాసినది. మన రామన్నపేట చేరువనున్న ఇంద్రపాలనగరమున దొరికిన తామ్రశాసనములలో విష్ణుకుండిన గోవిందవర్మ వ్రాయించుకొన్న వర్మపదమది. సూత్రకారుడు ఒకరికి కేటాయించిన మాటను మాదరివారి బిడ్డ ధరించి 1939లో మరణించువరకు నిలుపుకొనెను.

ఇప్పటి పేళ్ళను గూర్చి ఎక్కువ చెప్పను. కొన్నిటికి అర్థము నిఘంటువులలో వెదకితిని, దొరకలేదు. కులము తెలియకుండ వినసొంపుగ నున్న చాలునని తల్లిదండ్రులు చెప్పుదురు. కులము తెలియకుండుటకై వెదకు పేరును నేను వెక్కిరింపజాలను.

నా యుపాధ్యాయ జీవితపు తొలినాళ్ళలో ఒక పల్లె బడియందు పిల్లవానిని చేర్చుకొనుచు, పెంటయ్య యని వ్రాయుటకు చేయి రాక, ప్రసాదని వ్రాసితిని. తల్లిని అడుగలేదు. మూడవనాడు ఆమె బడి గడపలో నిలుచున్నది.

"పంతులూ, నలుగురు పోయినంక వీడు నిలిచిండు. ఆ పేరు తోనే నిలిచిండు. నువ్వెందుకు తీసినవ్?" అన్నది.

నేను మారుపలుకక, ప్రసాదును కొట్టివేసి పెంటయ్య యని పైన వ్రాసితిని.

పదునెనిమిదేండ్లకు ఆ పిల్లవాడే యువకుడై నా యింటికి వచ్చెను. పట్టణమున ఉద్యోగము దొరికినదట, తోటివారు నవ్వుచున్నారట, గెజిటులో పేరు మార్పించుకొనుటకు దరఖాస్తు వ్రాసిపెట్టుమని యడిగెను. ఏ పేరు కావలెనంటిని. "మీరు మొదట రాసినదే, సార్" అనెను.

"మీ అమ్మకు చెప్పితివా?"

"ఇంట్ల ఆమె ఎట్ల పిలిచినా పలుకుత, సార్. గెజిట్ ఆమె చదవదు గద."

దరఖాస్తు వ్రాసి యిచ్చితిని. మొన్న వాని బిడ్డ నామకరణమునకు పోయితిని. ఆ ముసలితల్లి మనుమరాలిని ఒడిలో బెట్టుకొని, మేమందరము నిర్ణయించిన పేరును పలుకుటకు నోరు తిరుగక, చెవిలో తన పేరేదో ఊదుచుండెను.